పీఎస్ వన్ స్టైల్‌లో జపాన్ దయ్యం కథ: నీ గేమ్ ఎందుకు భయపెట్టడం లేదంటే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, నువ్వు పెట్టిన డెమో మూడుసార్లు ఆడాను. ఆ తర్వాతే ఇది రాస్తున్నాను. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు చెప్తాను. జపాన్‌లో ‘కుచిసాకే ఒన్నా’ అనే పుకారు ఒకటి ఉంది, అంటే నోరు చీలిన ఆడమనిషి. దాని మీద మూడు నెలలుగా గోడో ఇంజిన్‌లో, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కడివే గేమ్ చేస్తున్నావు. పీఎస్ వన్, అంటే మొదటి ప్లేస్టేషన్ నాటి గేమ్‌లా కనిపించాలని వణికే మోడల్స్, వీహెచ్ఎస్ (పాత వీడియో క్యాసెట్) ఫిల్టర్, గీతలు గీతలుగా స్క్రీన్, అన్నీ పెట్టావు. చూసినవాళ్లు “లుక్ అదిరింది” అన్నారు, ఆడినవాళ్లు “భయం మాత్రం రాలేదు” అన్నారు. తప్పు ఎక్కడుంది, కథని మన ఊళ్లకి మార్చేస్తే బాగుంటుందా అని అడిగావు.

నేను పద్నాలుగేళ్లుగా గేమ్ డిజైన్ చేస్తున్నాను, అందులో చివరి ఆరేళ్లూ హారరే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నీ లుక్‌లో లోపం లేదు. కానీ ఆ లుక్ ఒకవైపు, కథ ఇంకోవైపు నిలబడి ఉన్నాయి. కుచిసాకే ఒన్నా కథలో భయమంతా ఒకే ఒక్క విషయం మీద ఉంటుంది: ఎదురుగా వస్తున్న మనిషి ముఖం నీకు సరిగ్గా కనపడదు. పాత ప్లేస్టేషన్ స్క్రీన్ చేసేదీ అదే, ముఖాన్ని కనపడనివ్వదు. ఆ రెండింటినీ కలపడమే నీ పని. నీ డెమోలో రెండో నిమిషానికే ఆమె లైటు కింద నిలబడి, మాస్క్ తీసేసి, కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చేస్తోంది. చూడాల్సింది చూసేశాక ఇంక భయపడటానికి ఏం మిగిలింది?

ముందు కథ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అది నువ్వు అనుకున్నదానికన్నా చాలా గొప్ప కథ.

ఈ పుకారు 1978 డిసెంబరు ప్రాంతంలో గిఫు ప్రిఫెక్చర్‌లో (మన జిల్లా లాంటిది) మొదలైందంటారు. 1979 జనవరికి అక్కడి స్థానిక పత్రికలోకి ఎక్కింది. జూన్ నాటికి జపాన్ అంతా పాకిపోయింది. అప్పటికి ఇంటర్నెట్ లేదు, సెల్‌ఫోన్ లేదు. బడి పిల్లలు ఒకరికొకరు చెప్పుకున్నదే. ఒక బడిలో పుట్టిన మాట పక్క బడికి చేరడానికి జుకు, అంటే సాయంత్రం ట్యూషన్ సెంటర్లు, బాగా పనికొచ్చాయి. వేర్వేరు బళ్ల పిల్లలు అక్కడ కలుస్తారు, చీకటి పడ్డాక ఒంటరిగా ఇంటికి నడుస్తారు. ఇంతకన్నా మంచి లెవెల్ డిజైన్ నువ్వూ నేనూ ఆలోచించలేం. కొన్ని ఊళ్లలో పిల్లలని గుంపులుగా ఇంటికి పంపించారు, కొన్నిచోట్ల పోలీసు కార్లు తిరిగాయి. ఆ జూన్‌లోనే హిమేజీ అనే ఊళ్లో ఇరవై ఐదేళ్ల అమ్మాయి ఒకతె ఆ వేషం వేసుకుని, చేతిలో కత్తితో తిరుగుతుంటే పోలీసులు అరెస్టు చేశారు. వేసవి సెలవులు వచ్చాయి. పిల్లలు కలుసుకోవడం ఆగింది, ఆగస్టుకల్లా పుకారు చల్లబడిపోయింది.

ఇక కథ. మాస్క్ కట్టుకున్న ఆడమనిషి దారిలో ఆపి “వతాషి కిరే?” అని అడుగుతుంది. నేను అందంగా ఉన్నానా అని. “లేదు” అంటే చంపేస్తుంది. ఉన్నావంటే మాస్క్ తీసి, చెవుల దాకా చీలిన నోరు చూపించి “కోరె దెమో?” అంటుంది. ఇలా ఉన్నా సరేనా అని. అప్పుడు “లేదు” అంటే చంపుతుంది, “అవును” అంటే నీ నోరూ తనలాగే కోస్తుంది. పరిగెత్తి లాభం లేదు, వంద మీటర్లు మూడు సెకన్లలో దాటేస్తుందని పిల్లలు చెప్పుకునేవాళ్లు. ఇంక దారేంటి? “మా మా” అనాలి, అంటే ఫరవాలేదు, ఏదో అలా ఉన్నావు అని. అవును కాదు రెండూ కాని జవాబు విని ఆమె ఆలోచనలో పడుతుంది, ఆ సందులో తప్పించుకోవాలి. లేదా “పొమేడ్, పొమేడ్, పొమేడ్” అని మూడుసార్లు అనాలి. పొమేడ్ అంటే మగవాళ్లు జుట్టుకి రాసుకునే జిడ్డు క్రీమ్. ఆమెకి ఆపరేషన్ చేసిన డాక్టరు తల ఆ వాసన కొట్టేదనీ, ఆ కంపు భరించలేక ఆమె కదలడం వల్లే నోరు అలా అయిందనీ ఒక కథ. లేదా బెక్కో అమే ఇవ్వాలి, అది తేనె రంగులో ఉండే పంచదార పాకం బిళ్ల. ఆమె ఆ బిళ్ల చప్పరిస్తుండగా పారిపోవాలి.

ఇప్పుడు నువ్వే చెప్పు, ఇది కథా, గేమా? ప్రశ్న ఉంది, రెండు తప్పుడు జవాబులున్నాయి, ఒక దొంగదారి ఉంది, జేబులో పెట్టుకోవాల్సిన వస్తువు ఉంది. జపాన్ పిల్లలు నీకోసం 1979లోనే డిజైన్ డాక్యుమెంట్ రాసి పెట్టారు. నువ్వు మాత్రం దాన్ని పక్కన పెట్టి స్టామినా బార్ పెట్టావు, పరిగెత్తే బటన్ పెట్టావు, అల్మారాలో దాక్కునే ఏర్పాటు చేశావు. వంద మీటర్లు మూడు సెకన్లలో పరిగెత్తే మనిషితో పరుగు పందెం ఏమిటి? ఆ బటన్ తీసేయ్. మాటే ఆయుధం కావాలి.

నేనైతే ఇలా చేస్తాను. ఆడేది ఐదో తరగతి పిల్ల. పగలు బడిలో, జుకులో తోటి పిల్లల దగ్గర పుకార్లు ఏరుకుంటుంది. ఒకడు పొమేడ్ మూడుసార్లు అనాలంటాడు. ఇంకొకడు కాదు, ఆరుసార్లంటాడు. ఒక పిల్ల బిళ్ల ఇస్తే చాలంటుంది. మరొకతె బిళ్ల ఇస్తే ఇంకా దగ్గరికి వస్తుందంటుంది. నోట్‌బుక్‌లో అన్నీ రాసుకుంటావు, ఒకదానికొకటి పొసగవు. ఏది నిజమో గేమ్ ఎక్కడా చెప్పదు. రాత్రి ఆ సందులో ఆమె అడిగినప్పుడు, ఎవరి మాట నమ్మాలో నువ్వే తేల్చుకోవాలి. పుకారులో అసలు భయం అక్కడుంది. అందరికీ కాస్త కాస్త తెలుసు, ఎవరికీ పూర్తిగా తెలీదు.

జవాబు చెప్పడానికి టైమర్ బార్ పెట్టకు. మెనూ తెరుచుకున్నా గేమ్ ఆగకూడదు, అంతే. “అందంగా ఉన్నావు”, “లేవు” అనే రెండు జవాబులూ వెంటనే కనపడాలి. మూడోది, “మా మా”, పగలు ఎవరి దగ్గరైనా విని ఉంటేనే రావాలి, అదీ ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఒక్క క్షణం ఆటగాడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. నేను చాలా ప్లేటెస్టుల్లో, అంటే బయటివాళ్లతో గేమ్ ఆడించి చూసినప్పుడు, గమనించిన సంగతి చెప్తున్నాను: తరుముతుంటే మనిషి చేతులు చురుగ్గా పనిచేస్తాయి. ప్రశ్న వేసి ఎదురుగా నిలబడితేనే చేతులు చల్లబడతాయి.

ఇప్పుడు లుక్ గురించి. ఇక్కడ కొంచెం లెక్క చూపిస్తాను, ఎందుకంటే నా మొత్తం జవాబు ఈ లెక్క మీదే నిలబడింది.

పాత ప్లేస్టేషన్ గేమ్‌లు ఎక్కువగా 320×240 పిక్సెళ్లలో నడిచేవి. కెమెరా నిలువు కోణం అరవై డిగ్రీలు అనుకో. ఇరవై మీటర్ల దూరంలో ఐదడుగుల నాలుగంగుళాల మనిషి నిలబడితే స్క్రీన్ మీద ఆమె ఎత్తు పదహారు, పదిహేడు పిక్సెళ్లు. ముఖం రెండు పిక్సెళ్లు. పది మీటర్లకి వస్తే ముఖం నాలుగు పిక్సెళ్లు. ఐదు మీటర్లకి వస్తే ఎనిమిది. అంటే ఆమె దాదాపు నీ మీదకి వచ్చేదాకా అది మాస్కో, వీధి దీపం వెలుగో, తెల్ల మఫ్లరో తేల్చుకోలేవు. నీ డెమో 1080 పిక్సెళ్ల ఎత్తులో నడుస్తోంది, పైన ఫిల్టర్ వేశావు. అక్కడ ఇరవై మీటర్ల దూరంలోనే ముఖం తొమ్మిది పిక్సెళ్లు వస్తోంది. మాస్క్ స్పష్టంగా తెలిసిపోతోంది. ఫిల్టర్ వేసినంత మాత్రాన సమాచారం దాగదు తమ్ముడూ, పాత సినిమా చూస్తున్నట్టు అనిపిస్తుందంతే. నిజంగానే 320×240 సబ్‌వ్యూపోర్ట్‌లో (గోడోలో విడిగా గీసే చిన్న తెర) రెండర్ చేసి, నియరెస్ట్ ఫిల్టర్‌తో, అంటే పిక్సెళ్ల అంచులు మెత్తబడకుండా, పెద్దది చెయ్.

జపాన్‌లో చలికాలంలో జలుబు చేస్తే మాస్క్ కట్టుకోవడం ఎప్పటినుంచో మామూలు. కాబట్టి నీ వీధిలో మాస్క్ కట్టుకున్న ఆడవాళ్లు నలుగురైదుగురు తిరగాలి. వాళ్లలో ఒకతె నిజంగానే దారి అడుగుతుంది. ఆటగాడు కంగారులో ఆమెని పొమేడ్ పొమేడ్ అంటాడు, ఆమె అర్థంకాక నిలబడిపోతుంది. లేదా పిల్ల కెవ్వుమని పారిపోతుంది, ఆమె చేతిలోని కూరగాయల సంచి కింద పడుతుంది. మర్నాడు బడిలో ఇంకో కొత్త పుకారు పుడుతుంది: “నిన్న రాత్రి ఆమె సంచితో కనపడిందంట.” ఆ పుకారు పుట్టించింది ఆటగాడే. ఇది నీ గేమ్‌లో ఉంటే, ఎవరు ఆడినా పదేళ్లయినా మర్చిపోరని నా నమ్మకం.

మోడల్స్ వణుకు గురించి. అసలు ప్లేస్టేషన్‌లో ఆ వణుకు ఎందుకు వచ్చేదో తెలిస్తే ఎంత వాడాలో తెలుస్తుంది. ఆ మెషీన్ 1994 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. మెయిన్ మెమరీ 2 మెగాబైట్లు, వీడియో మెమరీ 1 మెగాబైటు. పాలిగాన్, అంటే మోడల్‌ని కట్టే చిన్న చదును ముక్క, దాని మూలలని పూర్ణసంఖ్య పిక్సెళ్ల మీదే పెట్టగలిగేది, మధ్యలో ఆగడం రాదు. అందుకే కెమెరా మెల్లగా కదిలితే మూలలు ఒక పిక్సెల్ నుంచి ఇంకో పిక్సెల్‌కి గెంతేవి. టెక్స్చర్, అంటే ఆ ముక్కల పైన వేసే బొమ్మ, అతికించేటప్పుడు దూరాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు, అందుకే పెద్ద నేల పలకలు పాములా వంకర తిరిగేవి. ఏది ముందో ఏది వెనకో పిక్సెల్ పిక్సెల్‌కీ గుర్తుంచుకునే జెడ్ బఫర్ లేదు, పాలిగాన్లని దూరం ప్రకారం వరసపెట్టి గీసేది. అందుకే ఒక్కోసారి గోడ వెనకది గోడ ముందుకి వచ్చేది.

అప్పటి డెవలపర్లు వీటిని లోపాలుగానే చూశారు, దాచడానికి నానా తంటాలు పడ్డారు. వంకర తగ్గడానికి నేలని చిన్న చిన్న ముక్కలుగా కోసేవాళ్లు. నువ్వేమో వణుకుని అంతటా ఒకే మోతాదులో పోసేశావు. ఐదు నిమిషాలకి నాకు కళ్లు తిరిగాయి, పైగా కన్ను దానికి అలవాటు పడిపోయింది. గోడలకీ నేలకీ వణుకు తగ్గించు. షేడర్‌లో, అంటే బొమ్మని గీసే చిన్న ప్రోగ్రామ్‌లో, క్లిప్ పొజిషన్‌ని డబ్ల్యూతో భాగించి, గ్రిడ్‌కి రౌండ్ చేసి, మళ్లీ గుణిస్తున్నావు కదా, అంటే మోడల్ మూలలని గళ్ల మీదకి లాగుతున్నావు. ఆ గ్రిడ్ వీధికి 320×240 పెట్టు, మనుషులకి 160×120 పెట్టు. అప్పుడు వీధి నిలకడగా ఉంటుంది, అందులో నడిచే మనుషులు మాత్రం కొంచెం తేడాగా కదులుతారు. ఎందుకో చెప్పలేం గానీ ఒళ్లు జలదరిస్తుంది. నేను రెండు గేమ్‌లలో వాడాను, రెండింట్లోనూ పనిచేసింది. సెట్టింగ్స్‌లో వణుకు ఆపేసే ఆప్షన్ మాత్రం తప్పక పెట్టు, కొందరికి నిజంగా వాంతి వచ్చినట్టవుతుంది.

టెక్స్చర్లు 64×64, మహా అయితే 128×128. ఒక్కోదానికి పదహారు రంగులు చాలు, అప్పట్లో ఎక్కువగా అంతే వాడేవాళ్లు. డిదరింగ్, అంటే చుక్కలు కలిపి మధ్య రంగులు ఉన్నట్టు చూపించడం, నాలుగు బై నాలుగు నమూనాలో చెయ్. వీటి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు, నీకు చెయ్యి తిరిగింది.

వీహెచ్ఎస్ ఫిల్టర్ మాత్రం తీసేయ్. డెమో మొదట్లో “1979, గిఫు” అని వేశావు. కింద మూలలో ఎర్ర చుక్క, రికార్డింగ్ అక్షరాలు వస్తున్నాయి. వీహెచ్ఎస్ 1976లోనే వచ్చింది గానీ, టేపు లోపలే ఉండి చేత్తో పట్టుకుని తిరిగే హోం క్యామ్‌కార్డర్ ఎనభైల్లో గానీ రాలేదు. 1979లో ఐదో తరగతి పిల్ల చేతిలో కెమెరా ఎక్కడిది? తెలిసినవాడు అక్కడే బయటికి వచ్చేస్తాడు, తెలీనివాడికి కూడా ఏదో అతుకు కనపడుతుంది. వెండింగ్ మెషీన్ మీద ఐదువందల యెన్ల నాణెం బొమ్మ వేశావు, ఆ నాణెం 1982లో వచ్చింది. ఆ మెషీన్‌లో ప్లాస్టిక్ సీసాలు కూడా ఉండకూడదు, అప్పుడు డబ్బాలూ గాజు సీసాలే. వీధి మూలలో ఇరవై నాలుగ్గంటల కొట్టు పెట్టావు. అలాంటివి అప్పటికే మొదలయ్యాయి గానీ చిన్న ఊళ్లలో దొరికేవి కావు. అది తీసేస్తే నీకే మంచిది, పిల్ల పరిగెత్తి దూరడానికి వెలుగున్న చోటు ఒకటి తగ్గుతుంది.

ఇన్ని తీసేయమంటున్నాను కదా, పెట్టాల్సినవీ చెప్తాను. జపాన్ పేటల్లో సందులు సన్నగా ఉంటాయి, చాలాచోట్ల ఫుట్‌పాత్ ఉండదు, రెండు పక్కలా సిమెంటు ఇటుకల ప్రహరీ గోడలు. మలుపుల దగ్గర వచ్చే బండి కనపడటానికి గుండ్రటి ఉబ్బెత్తు అద్దాలు స్తంభాల మీద ఉంటాయి. నీ గేమ్‌కి ఆ అద్దం బంగారం. మలుపు తిరగకముందే అవతల ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎవరో తెలీదు. అద్దాన్ని 64×64 టెక్స్చర్‌గా వేరే కెమెరాతో రెండర్ చెయ్, సెకనుకి పది ఫ్రేములే చాలు. అందులో ఎవరిదో ఎర్ర కోటు రెండు పిక్సెళ్లు కనపడితే ఆటగాడు ముందుకు వెళ్తాడా, వెనక్కి తిరుగుతాడా? ఆ నిర్ణయం అతనికే వదిలేయ్.

ఇంకొకటి శబ్దం. నీ డెమోలో మొదటినుంచి చివరిదాకా ఒక గుర్రుమనే హారర్ మ్యూజిక్ నడుస్తోంది. మొత్తం ఆపేయ్. జపాన్‌లో చాలా ఊళ్లలో సాయంత్రం ఐదు ప్రాంతంలో వీధి లౌడ్‌స్పీకర్లలో ఒక పాట బాణీ వస్తుంది, పిల్లలు ఇళ్లకి వెళ్లాలని. చాలాచోట్ల అది ‘యూయాకే కోయాకే’ అనే పాత పిల్లల పాట. లౌడ్‌స్పీకర్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఒక స్తంభం నుంచి వచ్చిన స్వరం, రెండో స్తంభం నుంచి వచ్చిన స్వరం కాస్త వెనకా ముందుగా కలిసి సాగుతాయి. ఆ బాణీని నువ్వే కీబోర్డ్ మీద వాయించి, తక్కువ శాంపిల్ రేటుకి దించి, మూడు చోట్ల నుంచి అరసెకను తేడాతో వదులు. పదాలు మాత్రం వాడకు. బాణీ కట్టిన కుసకావా షిన్ 1948లో పోయారు గానీ, పాట రాసిన నకమురా ఉకో 1972 దాకా ఉన్నారు, పదాలకి హక్కులున్నాయి. ఆ పాట ఆగాక వచ్చే నిశ్శబ్దంలో పిల్ల బూట్ల చప్పుడు మాత్రమే వినిపించాలి. ఆ తర్వాత ఎప్పుడో దూరంగా రెండో జత చెప్పుల చప్పుడు. వెనక్కి తిరిగితే ఆగిపోవాలి.

మా టీమ్‌లో జరిగింది ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట ‘హనాకో సాన్’ మీద చిన్న గేమ్ చేశాం. బడిలో మూడో అంతస్తు ఆడపిల్లల బాత్రూమ్, మూడో తలుపు, మూడుసార్లు కొట్టి “హనాకో సాన్, ఉన్నావా?” అని అడిగితే లోపలినుంచి “హాయ్” అని జవాబు వస్తుందని అక్కడి పిల్లల నమ్మకం. మేం తలుపు తెరవగానే తెల్లటి ముఖం స్క్రీన్ నిండా పడేలా చేశాం. ఆర్టిస్టు ఆ ముఖానికి రెండు వారాలు కష్టపడింది. ప్లేటెస్టుకి వచ్చిన కుర్రాడు ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసి, తర్వాతి గదికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి కూర్చుని ముఖం తీసేశాం. జపాన్ బాత్రూమ్ తలుపులకి గడియ దగ్గర చిన్న గుర్తు ఉంటుంది, లోపల ఎవరూ లేకపోతే నీలం, ఉంటే ఎరుపు. మూడో తలుపు గుర్తు నీలంగా ఉంచాం. ఆటగాడు మూడుసార్లు కొడతాడు. ఏమీ జరగదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తాడు. అప్పుడు టక్కుమని చిన్న శబ్దం. తిరిగి చూస్తే గుర్తు ఎర్రగా ఉంటుంది. అంతే. అది స్క్రీన్ మీద ఆరు పిక్సెళ్లు. మర్నాడు ఇంకో అమ్మాయి ఆడింది. ఆ టక్కు వినపడగానే ఆమె చెయ్యి మౌస్ మీద నుంచి లేచి ఒళ్లోకి వెళ్లిపోయింది. స్క్రీన్ వైపు చూస్తూనే “ఇప్పుడు నేను వెళ్లి చూడాలా?” అని నన్ను అడిగింది. నేనేం మాట్లాడలేదు. దాదాపు నిమిషం అలాగే కూర్చుంది. ఆ ఆరు పిక్సెళ్లు రంగు మార్చడానికి మాకు పట్టింది పది నిమిషాలు.

ఆడి చూడాల్సినవి అడిగావు. చిల్లాస్ ఆర్ట్ అని ఇద్దరు జపాన్ అన్నదమ్ముల చిన్న స్టూడియో ఉంది. వాళ్ల 2019 గేమ్ ‘అకా మాంతో’ బడి బాత్రూమ్ పుకారు మీదే, రెట్రో లుక్‌లో ఉంటుంది. కానీ నువ్వు నేర్చుకోవాల్సింది వాళ్ల 2020 నాటి ‘ది కన్వీనియన్స్ స్టోర్’లో ఉంది. రాత్రి షిఫ్టులో కొట్టు పనులు చేస్తూ ఉంటావు, ఆ పనుల విసుగే భయానికి పునాది. తర్వాత 2023లో వచ్చిన ‘ది ఎగ్జిట్ 8’. అది రెట్రో కాదు, ఏ పాత పుకారు మీదా తీసింది కాదు. మెట్రో కింద ఒకే సొరంగ దారి, తేడా కనపడితే వెనక్కి తిరుగు, లేకపోతే ముందుకి వెళ్లు, ఇదొక్కటే నియమం. ఒక్క నియమంతో ఎంత దూరం వెళ్లొచ్చో అందులో చూడు. ‘వరల్డ్ ఆఫ్ హారర్’ చేసింది పోలెండ్ డెవలపర్, బొమ్మలన్నీ ఎంఎస్ పెయింట్‌లో గీశాడు, కథ జరిగేది ఎనభైల నాటి జపాన్ ఊళ్లో. జపాన్ వాడు కాకపోయినా శ్రద్ధగా చదివి చేస్తే జపాన్ కథ నిలబడుతుందని దాన్ని చూస్తే నమ్మకం వస్తుంది. వీలైతే 1996 నాటి ‘ట్విలైట్ సిండ్రోమ్’ వీడియోలు కూడా చూడు. బడి పిల్లలు ఊరి పుకార్లు వెతుక్కుంటూ వెళ్లడమే అందులో కథ, అసలు ప్లేస్టేషన్ మీదే వచ్చింది. నువ్వు అనుకరిస్తున్న కాలంలో వాళ్లు ఇవే కథలని ఎలా చెప్పారో తెలుస్తుంది.

ఇక కథని మన ఊళ్లకి మార్చాలా అన్న ప్రశ్న. వద్దు. మాస్క్, జుకు, పొమేడ్, ఆ సందులు, ఇవన్నీ కలిస్తేనే ఆ కథ. ఆమెని తీసుకొచ్చి అమీర్‌పేట కోచింగ్ సెంటర్ వెనక నిలబెడితే ఆమె దిక్కులేనిదైపోతుంది. మన పుకారు కావాలంటే మనకి సొంతది ఉంది కదా. తొంభైల్లో మా మేనత్త వాళ్ల ఊరు వెళ్తే, గుంటూరు జిల్లాలో, వీధి వీధంతా తలుపుల మీద సుద్దముక్కతో “ఓ స్త్రీ రేపు రా” అని రాసి ఉండేది. రాత్రి దయ్యం వచ్చి తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందనీ, పలికితే చస్తారనీ, ఆ రాత చదివితే వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వస్తుందనీ చెప్పేవాళ్లు. మా అత్త రోజూ సాయంత్రం దీపం పెట్టాక చెరిగిపోయిన అక్షరం మళ్లీ దిద్దేది. ఒకరోజు వాన జల్లుకి ‘రేపు’ అన్న మాట పూర్తిగా కరిగిపోయి, “ఓ స్త్రీ రా” అని మిగిలింది. రాత్రి పదింటికి అది చూసింది మా బావ. ఇంట్లో సుద్దముక్క కోసం అందరం వెతికిన వెతుకులాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇదే రకం పుకారు బెంగళూరు వైపు “నాళె బా” అని తిరిగింది.

చూశావా, ఇక్కడా ఒక నియమం, ఒక దొంగదారి. దయ్యం రాత చదివి మాట వింటుంది, మాటకి కట్టుబడుతుంది. అది వేరే గేమ్. అది కూడా నువ్వే చెయ్ తర్వాత, నేను సాయం చేస్తాను. కానీ రెండింటినీ ఒకదాంట్లో కలపకు.

ఒక్క మాట మనసులో పెట్టుకో. ముఖం మీద మచ్చలు, కాలిన గాయాలు, కుట్లు ఉన్న మనుషులు నిజంగా మన మధ్య ఉన్నారు. మన దగ్గర యాసిడ్ దాడుల్లో ముఖం పోగొట్టుకున్న ఆడపిల్లలు ఉన్నారు. “చీలిన నోరు, అదే భయం” అని నువ్వు గేమ్ చేస్తే వాళ్లని మళ్లీ గాయపరిచినట్టే. నీ డెమోలో ఆ నోటిని క్లోజప్‌లో రక్తంతో చూపించావు, నాకు అది నచ్చలేదు, సూటిగానే చెప్తున్నాను. ఆ నోరు అసలు చూపించకు. మాస్క్ తీసే చెయ్యి చూపించు, అక్కడ స్క్రీన్ కట్ చెయ్. ఆమె వేసే ప్రశ్నలో ఒక బాధ ఉంది, నన్ను చూసి నిజం చెప్పు అంటోంది. ఆ బాధని ఆటగాడు ఒక్క క్షణమైనా వినాలి. ఒక ముగింపులో “మా మా” అన్న పిల్లతో ఆమె కొంచెం దూరం కలిసి నడిచి, వీధి దీపం దగ్గర ఆగిపోతే బాగుంటుందని నాకు అనిపించింది. ఆలోచించు.

నిడివి ముప్పై నలభై నిమిషాలు చాలు. ఇప్పుడు నీ దగ్గర ఆరు లెవెల్స్ ఉన్నాయి, ఐదు పక్కన పెట్టు. జుకు నుంచి ఇంటి దాకా ఉన్న ఒక్క సందు తీసుకో. రెండు మలుపులు, ఒక అద్దం, ఒక వెండింగ్ మెషీన్, మాస్క్ కట్టుకున్న ఆడవాళ్లు ముగ్గురు. 320×240లో, మ్యూజిక్ లేకుండా. ముగ్గురిలో ఎవరు ఆమె అన్నది ప్రతిసారీ మారాలి, ఒక్కోసారి ముగ్గురూ మామూలు మనుషులే కావాలి. రెండు వారాల పని. అయ్యాక లింక్ ఇక్కడే పెట్టు, రాత్రి పదకొండు తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడి, ఏ అడుగు దగ్గర ఆగానో రాస్తాను.